దేశోద్ధారక నాగేశ్వరరావు పంతులుగారి వ్యాపార జీవితము

గ్రంథాలయ రజతోత్సవ సంచికలలో కవులను గూర్చియు, పండితులను గూర్చియు వ్రాయుట మన యాచారము. ఒక వర్తకుని గూర్చి వ్రాయబూనుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని తెలుగునాట ఒక గొప్ప దినపత్రికకును, ఒక సాహిత్య మాసపత్రికకును, ఒక గ్రంథమాలకును ఆధారమై నిలిచిన ధనము ఏ జమీందారుని బొక్కసమునుండియు వచ్చినది కాదు. అరచేత ఇమిడెడి చిన్న గాజుసీసాలోని పసుపుపచ్చని తలనొప్పిమందునుండి వచ్చినది. ఆ మందు పేరు అమృతాంజనము. దానిని చేసినవారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

పంతులుగారి జీవితమును వ్రాసినవారు పెక్కురు కలరు. వారిలో అధికులు వారి దాతృత్వమును వేనోళ్ల కొనియాడి, వారి దేశభక్తిని వర్ణించి, వ్యాపారమును మాత్రము రెండు మూడు వాక్యములతో దాటివేసిరి. విశ్వదాత యనియు, దేశోద్ధారకుడనియు లోకము వారిని పిలిచినది. ఆ బిరుదములు తగినవే. అయినను ఇచ్చినచేయి ముందు గడించినచేయి గదా! గడించుట ఎట్లు నేర్చిరో తెలియనిచో ఇచ్చుటయు పూర్తిగా తెలియదని నా తలంపు. మన గ్రంథాలయమునకు వచ్చు యువకులలో పోటీపరీక్షల పుస్తకములకై వచ్చువారే యెక్కువ. కరకంబాడి, గాజులమండ్యము కర్మాగారములలో కొలువు దొరకునా యని విచారించువారు మరికొందరు. స్వంతముగా ఒక పని ప్రారంభింపవలెనను కోరిక వారిలో కొందరికి లేకపోలేదు. దానిని ఎచట, ఎవరివద్ద నేర్వవలెనో తెలియదు. ఆ కోరిక గలవారికి ఈ చరిత్ర ఉపకరింపవచ్చును.

నాగేశ్వరరావు పంతులుగారు 1867వ సంవత్సరము మే నెల 1వ తేదీన కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామమున బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించిరి. స్వగ్రామమున ఓనమాలు దిద్ది, తరువాత బందరులో చదివిరి. బందరు ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన రేవు. ఇక్కడి కలంకారీ వస్త్రములు సముద్రములు దాటిపోయెడివి. పంతులుగారు పుట్టుటకు మూడేండ్ల ముందు, 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ పట్టణమును ముంచి వేలకొలది ప్రాణములను పొట్టబెట్టుకొన్నది. అట్లు చితికిపోయిన రేవుపట్టణపు వీధులలో ఆ బాలుడు చదువునకై తిరిగెను. వర్తకము ఊరికి ఏమి తెచ్చునో, వర్తకము పోయిన ఊరు ఎట్లుండునో చూచుటకు అంతకన్న తగినచోటు కృష్ణాతీరమున లేదు.

ఆ దినములలో కందుకూరి వీరేశలింగము పంతులుగారి వివేకవర్ధని చదువుకొనిన పిల్లలయందు కొత్త ఆలోచనలను రేపుచుండెను. నాగేశ్వరరావుగారు దానిని శ్రద్ధగా చదివిరి. తరువాత మదరాసు క్రైస్తవ కళాశాలలో చేరి 1891లో చదువు ముగించిరి. ఆ కాలమున ఇంగ్లీషు చదువు ముగించిన బ్రాహ్మణ యువకునికి ముందున్న బాటలు రెండే: ప్రభుత్వ కచేరీలో ఉద్యోగము, లేదా న్యాయవాద వృత్తి. వర్తకము కోమట్ల కులవృత్తి యనియు, చదువుకొనినవానికి అది తగదనియు నాటి తలంపు. తరాజు పట్టుట యన్న తలవంపు. పంతులుగారు ఈ రెండు బాటలను విడిచి మూడవదానిని త్రొక్కిరి. దానికి అడ్డుపడినవారు ఎవరో, వారించినవారు ఎవరో నాకు తెలియదు గాని, ఆ నిర్ణయము తేలికగా జరిగినది కాదని మాత్రము ఊహింపవచ్చును.

చదువు ముగియగానే వారు దుకాణము తెరవలేదు. ఇది ముఖ్యముగా గమనింపదగిన విషయము. ముందుగా కలకత్తా వెళ్లి, అక్కడ మందుల తయారీలో మెలకువలను నేర్చిరి. అటుపిమ్మట బొంబాయి చేరి, ఒక ఆంగ్లేయుల వ్యాపారసంస్థలో ఉద్యోగము చేసిరి. ఒకచోట సరుకును తయారుచేయుట నేర్చిరి; ఇంకొకచోట దానిని అమ్ముట నేర్చిరి. ఈ రెండు విద్యలను వేరువేరుగా, ఇతరుల జీతముపై, ఇతరుల పెట్టుబడిపై నేర్చిరి. పరుల కొట్టులో కూర్చున్నవానికి లెక్కలపుస్తకము వ్రాయుట, సరుకు ధర కట్టుట, అరువు ఎవరికి ఈయవచ్చునో ఎవరికి ఈయరాదో కనిపెట్టుట, రైలు కిరాయి, ఓడ కిరాయి, మూట కట్టు తీరు, చీటీ అంటించు తీరు, బాకీ వసూలు చేయు నేర్పు అన్నియు చేతికి వచ్చును. అక్కడ జరిగిన పొరపాటునకు నష్టము యజమానిది, పాఠము కొలువుకానిది. స్వంత కొట్టు తెరచి ఈ పాఠములు నేర్చుకొనబోయినవాడు మూలధనమునే గురుదక్షిణగా చెల్లించుకొనవలసివచ్చును. ఇప్పుడు వ్యాపారము నేర్పుటకు పాఠశాలలు వెలసినవి. అవి మంచివే. కాని పంతులుగారి నాటికి బజారే పాఠశాల, పైయధికారియే ఉపాధ్యాయుడు.

ఆ కాలపు కలకత్తాను గూర్చి ఒక మాట చెప్పవలెను. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్ అను రసాయనశాస్త్ర పండితుడు 1892లో ఏడువందల రూపాయల మూలధనముతో అచ్చట బెంగాలు కెమికల్ అను మందుల పరిశ్రమను స్థాపించెను. 1901లో అది లిమిటెడ్ కంపెనీగా రూపొందెను. మన దేశీయులు తమ చేతులతో మందులు చేసి సీమమందులకు దీటుగా అమ్మగలరని ఋజువైన కాలమది. చదువుకొనినవారు పరిశ్రమకు దిగవలెనను భావము వంగదేశపు గాలిలోనే ఉండెను. ఆ గాలి మన తెలుగు యువకునికి సోకియుండుననుటలో సందేహము లేదు.

బొంబాయిలో 1893వ సంవత్సరమున పంతులుగారు అమృతాంజనమును వెలువరించిరి. అప్పటికి వారికి ఇరువదియారేండ్లు. వివేకానందస్వామి చికాగో సభకై బొంబాయి రేవున ఓడ ఎక్కినదియు ఆ సంవత్సరముననే.

ఈ సరుకును ఎన్నుకొనుటలో ఉన్న యోచనను కొంచెము విడమరచి చూతము. తలనొప్పి, నడుమునొప్పి, పడిశము అనునవి రాజునకును కూలికిని వచ్చును, ఏడాదికి ఎన్నిమారులైన వచ్చును. వైద్యునివద్దకు పోవునంతటి జబ్బులు కావు, ఊరకుందమన్న ఓర్వరావు. కావున మందు కొనువారు ఊరూర ఉందురు. మందు నూనెతో, మైనముతో కూడిన లేపనము గనుక ఎండకును వానకును త్వరగా చెడదు, నెలలకొలది అంగడిలో నిలువయుండును. సీసా చిన్నది, వంద సీసాలు ఒక పెట్టెలో పట్టును, కిరాయి తక్కువ. ఒక సీసా కొనినవాడు కొన్ని వారములు వాడి, అయిపోగానే మరల కొనును. పెద్ద యంత్రములు అక్కరలేదు. కొద్ది మూలధనముతో మొదలుపెట్టి, వచ్చిన లాభమును తిరిగి అందులోనే పెట్టి పెంచదగిన వ్యాపారము. చేతిలో సొమ్ము తక్కువగా ఉన్నవాడు బట్టల మిల్లు పెట్టలేడు. వానికి తగినది ఇట్టి సరుకే.

ఇక మందులోని వస్తువులు. అమృతాంజనమున కర్పూరము, పిప్పరమెంటు పువ్వు, నీలగిరి తైలము, వింటర్‌గ్రీన్ అను మొక్కనుండి తీయు తైలములోని సారము మొదలైనవి కలవు. పిప్పరమెంటు పువ్వు చర్మమునకు చల్లదనము తోపించును. కర్పూరము, వింటర్‌గ్రీన్ సారము వెచ్చదనము పుట్టించి లోని నొప్పినుండి మనస్సును మరలించును. ఇది రోగమూలమును పెరికివేయునది కాదు, బాధను తగ్గించునది. ఆ సంగతిని దాచవలసిన పని లేదు. ఆ రోజులలో కర్పూరమును, పిప్పరమెంటు పువ్వును ప్రపంచమునకు అధికముగా పంపెడి దేశము జపాను. ఇట్టి వస్తువులు ఓడలమీద దిగెడి రేవుపట్టణమున మందు చేయువానికి ముడిసరుకు సులభముగా దొరకును. బొంబాయి అట్టిది.

పేరును గూర్చియు చెప్పవలెను. అమృతము, అంజనము అను రెండు సంస్కృతపదములను కలిపిన ఈ పేరు తెలుగువానికి, మరాఠీవానికి, గుజరాతీవానికి, వంగీయునికి సమానముగా అర్థమగును. ఏ భాషవాని నాలుకకైన అడ్డుపడదు. సీమమందుల ఇంగ్లీషు పేర్లను పలుకలేక మన స్త్రీలు, పల్లెటూరివారు తికమకపడుచున్న కాలమున, ఇల్లాలు అంగడివానిని అడుగగలిగిన పేరు పెట్టుట చిన్న విషయము కాదు. తెలుగువాడు బొంబాయిలో కూర్చుండి భారతదేశమంతటికి సరిపోవు పేరు పెట్టెను.

అమ్మకమును గూర్చి ఒక కథ బాగుగా ప్రచారములో ఉన్నది. సంగీత సభలు జరుగుచోట్ల పంతులుగారు అమృతాంజనమును ఉచితముగా పంచిపెట్టెడివారట. గంటల తరబడి జనసమ్మర్దములో కూర్చున్న శ్రోతలకు తల దిమ్మెక్కియుండును. నుదుట రాచుకొనిన కొన్ని నిమిషములలో చల్లదనము తోచును. కచేరీలకు వచ్చువారు చేతిలో కాసు ఆడువారు, నలుగురితో మాటలాడువారు. మరునాడు వారే ఊరిలో చెప్పుదురు. ఏ ప్రకటనయు చేయలేని పనిని ఈ పంపకము చేసినది. ఇందులో దానగుణము చూచువారు చూడవచ్చును. నాకు మాత్రము ఇందులో మంచి లెక్క కనబడుచున్నది. గుణము వెంటనే తెలియు సరుకునే ఉచితముగా పంచవలెను. నెలలకు గాని గుణము తెలియని లేహ్యమును పంచిన పంచినవాడు మిగులడు. ఏ వస్తువును, ఎచట, ఎవరికి ఊరక ఈయవలెనో ఎరిగిన వర్తకుడాయన.

అప్పటికే తపాలాశాఖ వి.పి.పి. పద్ధతిని నెలకొల్పియుండెను. మనదేశమున అది 1877లో వచ్చినది. జాబు వ్రాసినవాని ఊరికి సరుకు పోవును, వాడు తపాలావానికి సొమ్ము చెల్లించి తీసికొనును, ఆ సొమ్ము వర్తకునికి చేరును. దీనివలన పట్నపు వర్తకునికి పల్లెటూరి గిరాకీ అందుబాటులోనికి వచ్చినది. మందులవారును, పుస్తకములవారును దీనిని ఆధారము చేసికొని ఎదిగిరి.

తపాలాతోపాటు రైలు. ఇచట మన ఊరి ముచ్చట వచ్చును. మదరాసు రైలుమార్గము అరక్కోణమునుండి వాయవ్యముగా సాగి 1862లో రేణిగుంటకు చేరినది. తొమ్మిదేండ్లకు, 1871లో, రాయచూరువద్ద బొంబాయినుండి వచ్చు మార్గముతో కలిసినది. నాటినుండి బొంబాయి సరుకు రాయచూరు, గుంతకల్లు, కడపల మీదుగా రేణిగుంట దాటి మదరాసు చేరుటకు బాట ఏర్పడినది. మన పూర్వులు స్టేషనులో బండ్లు పోవుట చూచి ఆశ్చర్యపడుచుండిన కాలమున, బొంబాయికిని మదరాసునకును నడుమ వర్తకము చేయువారు ఆ పట్టాల వెంటనే ఐశ్వర్యమును కూడబెట్టుచుండిరి. రైలు మన ఊరిమీదుగా పోవుట మనకు జీతగాండ్ర నిచ్చినది. వర్తకులను అంతగా ఈయలేదు. ఇది నిష్ఠురముగా అనుట కాదు, ఆలోచింపదగిన సంగతియని అనుట.

వ్యాపారము నిలదొక్కుకొన్నది. 1905 తరువాత వంగదేశ విభజనవలన లేచిన స్వదేశోద్యమము దేశీయ వస్తువులకు కొత్త గిరాకీ తెచ్చినది. పన్నెండేండ్ల ముందే సరుకును బజారున నిలిపియున్న పంతులుగారికి అది కలిసివచ్చినది. 1907లో సూరతులో జరిగిన కాంగ్రెసు మహాసభకు వారు వెళ్లిరి. అతివాదులును మితవాదులును అచట చీలిపోయిరి. దేశమున ఇంతటి సంక్షోభము జరుగుచుండగా తెలుగువానికి దానిని తన భాషలో తెలుపు బలమైన పత్రిక లేదను కొరత వారి మనస్సును కలచినది. అటుపిమ్మట బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించిరి.

మరాఠీ నగరమున తెలుగు పత్రికయా యని ఆశ్చర్యము కలుగవచ్చును. బొంబాయిలో తెలుగువారు తక్కువవారు కారు. నైజాము రాజ్యమునుండి పోయి ఆ నగరపు కట్టడములకు రాళ్లుమోసిన కూలీలు కామాఠీలని పిలువబడిరి. కామాఠీపుర మను పేట వారి పేరనే వెలసినది. నూలుమిల్లులలో మగ్గములవద్ద నిలుచున్న పద్మశాలీలు మరికొందరు. అయినను పత్రికకు చందాదారులు ముఖ్యముగా తెలుగుదేశముననే ఉండవలెను గదా! వ్రాయుట అచట, చదువుట ఇచట. ఈ దూరమే కొన్ని సంవత్సరములకు పత్రికను మదరాసునకు తరలించినది.

పత్రిక నడుపుట మందు అమ్ముటవంటిది కాదు. మందు సీసాకు వెల వెంటనే చేతికివచ్చును. పత్రికకు కాగితము వెల, అచ్చు ఖర్చు, విలేఖరుల జీతములు ముందుగా చెల్లించవలెను. చందాలు మాత్రము తరువాత వచ్చును, కొన్ని రానేరావు. ఆ కాలమున ఎన్ని తెలుగు పత్రికలు పుట్టి, ఏడాది తిరుగకుండ కన్నుమూసినవో లెక్కలేదు. వానిని నడిపినవారిలో పండితులు కలరు, త్యాగులు కలరు. నష్టమును భరింప వేరొక రాబడి మాత్రము లేదు. పంతులుగారికి ఉన్నది. అమృతాంజనపు లాభము పత్రిక లోటును పూడ్చెను. పత్రికలో అచ్చయిన అమృతాంజనపు ప్రకటన ఊరూర మందు పేరును మోసెను. ఒకదానికొకటి ఊతమైనవి. ఏది దేనిని నిలిపినదని అడిగిన, మొదటి సంవత్సరములలో మందే పత్రికను నిలిపినదని చెప్పవలెను.

1914 ఏప్రిలు 1వ తేదీన మదరాసునుండి ఆంధ్రపత్రిక దినపత్రికగా ప్రారంభమైనది. అమృతాంజనపు ప్రధాన కార్యాలయమును ఆ సంవత్సరమే మదరాసునకు మార్చిరి. పత్రిక మొదలైన నాలుగు నెలలలో ఐరోపా మహాయుద్ధము వచ్చిపడినది. యుద్ధవార్తలకై జనులు ప్రతిదినము ఎదురుచూచిరి. అదృష్టము పంతులుగారి పక్షమున ఉండెననువారు కలరు. కాని యుద్ధము వచ్చునని ఎరిగి ఎవరును పత్రిక పెట్టరు. పెట్టి సిద్ధముగా ఉన్నవానికే ఆ గిరాకీ దక్కినది.

గ్రంథాలయ సంచిక గనుక ఇంకొక తేదీని ఇక్కడ వ్రాయవలెను. ఆంధ్రపత్రిక దినపత్రిక వెలువడిన తొమ్మిది దినములకు, 1914 ఏప్రిలు 10వ తేదీన, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరిగి, గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణము. ఊరికొక గ్రంథాలయము కావలెనన్న, ఆ గ్రంథాలయమునకు నిత్యము వచ్చిపడు పత్రిక యొకటి కావలెను. పల్లెటూరి గ్రంథాలయమున నలుగురు చేరి ఒకరు చదువగా తక్కినవారు వినుట ఆనాటి తీరు. గ్రంథాలయోద్యమమును, తెలుగు దినపత్రికయు ఒకే మాసమున కవలలవలె పుట్టినవని చెప్పిన తప్పులేదు.

తరువాతి కార్యములను వేగముగా చెప్పెదను. అవి అందరికిని తెలిసినవే. 1924 జనవరిలో భారతి మాసపత్రిక మొదలైనది. ఆ తరము తెలుగు పరిశోధకులును, కవులును, కథకులును అందులో వ్రాయనివారు అరుదు. 1926లో ఆంధ్ర గ్రంథమాలను స్థాపించి, పాల్కురికి సోమనాథుని బసవపురాణము మొదలైన గ్రంథములను సామాన్యులకు అందు వెలలకు ప్రకటించిరి. ఆ బసవపురాణమును పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తరువాతి కాలమున మన తిరుపతి చేరి, అన్నమాచార్య సంకీర్తనల పరిష్కరణమునకు పాటుపడి, 1950లో తిరుపతిలోనే పరమపదించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆరంభించిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వము 1923లో వారి మరణముతో ఆగిపోగా, పంతులుగారు ఆ భారమును నెత్తికెత్తుకొనిరి. తామే ఆంధ్ర వాఙ్మయచరిత్రను రచించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయము వారిని 1935లో కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది.

కాంగ్రెసులో వారి స్థానము పెద్దది. 1924కును 1934కును నడుమ నాలుగు పర్యాయములు ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులైరి. ఉప్పు సత్యాగ్రహ కాలమున చెరసాలకు పోయిరి. అచట భగవద్గీతకు వ్యాఖ్య వ్రాసికొనిరి. ఇందులో వర్తకులు చూడవలసినది వేరొకటి కలదు. యజమాని చెరసాలలో ఉండగా మందు తయారీ ఆగలేదు, అమ్మకము ఆగలేదు. యజమాని కంటికి ఎదురుగా ఉన్నంతసేపే నడచునది అంగడి. లేనప్పుడును నడచునది సంస్థ. అప్పటికే పంతులుగారు అంగడిని సంస్థగా మార్చియుండిరి.

దాతృత్వమును గూర్చి ఒక మాట నిర్మొగమాటముగా చెప్పెదను. వచ్చినవానికి లేదనకుండ ఇచ్చుట వారి స్వభావము. విద్యార్థులు, కవులు, పాఠశాలలు, దేశసేవకులు ఎందరు ఆ గడప త్రొక్కిరో లెక్క వ్రాసినవారు లేరు. వ్రాయించు నలవాటు వారికే లేదు. లోకము దీనిని గుణముగానే చెప్పుకొనినది. వర్తకుని కంటితో చూచినచో ఇందు ఒక చిక్కు కలదు. పత్రిక, మాసపత్రిక, గ్రంథమాల, విజ్ఞానసర్వస్వము, కాంగ్రెసు, వచ్చిపోవువారు, ఇన్నింటి బరువును ఒక్క మందు మోయవలసియుండెను. ఆ మందుకు పోటీ వచ్చినను, ముడిసరుకు ధర పెరిగినను అన్నియు కదలును. మందుతోపాటు మరి రెండు సరుకులకైన వేళ్లు నాటియుండిన బాగుండెడిదని అనిపించును. అయినను వారి కాలమున ఆ చెట్టు ఏ గాలికిని పడిపోలేదు.

1936లో అమృతాంజనమును పబ్లికు లిమిటెడ్ కంపెనీగా మార్చిరి. వ్యక్తి ఆస్తిగా ఉన్న వ్యాపారము వ్యక్తితోపాటు వారసుల తగవులలోనో, అప్పులలోనో చిక్కుకొని పోవచ్చును. కంపెనీగా మారిన పిమ్మట దానికి వేరొక అస్తిత్వము కలుగును. లెక్కలు ఏటేట తనిఖీ కావలెను. వాటాదారులకు జవాబు చెప్పవలెను. దానమునకు లెక్క వ్రాయని మనిషి, వ్యాపారమునకు మాత్రము చట్టప్రకారము లెక్క చెప్పవలసిన కట్టుబాటును తెచ్చిపెట్టిరి. అప్పటికి వారికి దాదాపు డెబ్బది యేండ్లు.

ఇక మన సీమవారు మరువరాని ఘట్టము. మదరాసులో పంతులుగారి గృహము పేరు శ్రీబాగ్. మందువలన వచ్చిన సొమ్ముతో నిలిచిన ఆ యింటి తలుపులు అన్ని ప్రాంతముల తెలుగువారికిని తెరచియుండెడివి. ప్రత్యేకాంధ్ర రాష్ట్రము కావలెనని కోస్తా జిల్లాలవారు 1913నుండి ఆందోళన సల్పుచుండగా, కడప, అనంతపురము, కర్నూలు, చిత్తూరు, బళ్లారి జిల్లాలవారికి మొదటినుండి సంకోచము ఉండెను. దత్తమండలములని పిలువబడుచుండిన ఈ జిల్లాలకు రాయలసీమయను గౌరవనామమును 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిరి. కరవు తమది, నీరు వారిది; పాఠశాలలు తమకు తక్కువ, కళాశాలలు వారికి ఎక్కువ; మదరాసు పెత్తనము పోయి కోస్తా పెత్తనము వచ్చినచో తమకు ఒరుగునదేమి యని సీమవారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న.

1937లో ఆంధ్ర మహాసభ రజతోత్సవము బెజవాడలో జరిగినప్పుడు ఈ అనుమానములను తీర్చు మార్గము వెదకవలెనని నిశ్చయమైనది. ఆ సంవత్సరము నవంబరు 16వ తేదీన ఇరుప్రాంతముల నాయకులు శ్రీబాగ్‌లో సమావేశమైరి. సీమ పక్షమున కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు మొదలైనవారును, కోస్తా పక్షమున కొండ వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభిసీతారామయ్య మొదలైనవారును కూర్చుండిరి. పట్టాభిగారును వ్యాపారసంస్థల స్థాపకులే. 1923లో బందరున ఆంధ్రా బ్యాంకును నెలకొల్పినవారు వారు.

ఆనాడు కుదిరిన ఒడంబడిక సారాంశ మిది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు కేంద్రమొకటి అనంతపురమున ఉండవలెను. తుంగభద్ర, కృష్ణ, పెన్న నదుల నీటి వినియోగమున పదేండ్లవరకు, అవసరమైన అంతకు మించియు, సీమకు మొదటి స్థాన మీయవలెను. శాసనసభా స్థానములను సాధ్యమైనంతవరకు జిల్లాల వారీగా సమానముగా పంచవలెను. రాజధాని, ఉన్నత న్యాయస్థానము అను రెండింటిలో ఒకటి కోస్తాలోను, ఒకటి సీమలోను ఉండవలెను; ఏది కావలెనో కోరుకొను హక్కు సీమవారిది.

ఈ ఒడంబడికను చదివినప్పుడెల్ల ఇది వర్తకుని యింట వ్రాయబడిన పత్రమువలె నాకు తోచును. ఎవరిని ఎవరును దబాయించుట లేదు; ప్రేమాభిమానములపై మాత్రమే ఆధారపడుటయు లేదు. భాగస్వాములు కలియుటకు ముందే ఎవరి వాటా యెంతయో కాగితముపై పెట్టుకొనుచున్నారు. భాగస్వామ్య వ్యాపారములు చెడునది సాధారణముగా లాభము వచ్చిన తరువాత గాని, రాకముందు కాదు. ముందుగా వ్రాసికొనినదే తరువాత అక్కరకు వచ్చును. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలునకు వచ్చుటకు ఆ పత్రమే ఆధారము. ఉన్నత న్యాయస్థానము గుంటూరునకు పోయినది. 1956లో రెండును హైదరాబాదునకు తరలినవి. నీటి మాట ఎంతవరకు నెరవేరినదో మన చెరువులను చూచిన తెలియును. ఆ పత్రమునకు చట్టబలము లేదని తరువాత కొందరనిరి. చట్టబలము లేకున్నను, ఎనుబదియేండ్లు గడచిన తరువాతను రాజధాని ప్రశ్న, న్యాయస్థానపు ప్రశ్న లేచినప్పుడెల్ల సీమవారు మొదట ఎత్తు పేరు శ్రీబాగే.

ఆ సమావేశము జరిగిన అయిదు నెలలకు, 1938 ఏప్రిలు 11వ తేదీన, పంతులుగారు మదరాసులో కన్నుమూసిరి. ఆంధ్రపత్రిక, భారతి, అమృతాంజనముల బాధ్యత వారి అల్లుడు శివలెంక శంభుప్రసాదుగారికి వచ్చినది. మైలాపూరులో లజ్ సమీపమున నాగేశ్వరరావు ఉద్యానవనము వారి పేర వెలసినది. ఆంధ్రపత్రికయు, భారతియు 1991లో నిలిచిపోయినవి. కంపెనీ 2007లో పేరు కొంత మార్చుకొని అమృతాంజన్ హెల్త్‌కేర్ అయినది. పసుపుపచ్చని మందు మాత్రము నేటికిని రేణిగుంట బజారులోని చిల్లర కొట్లలో దొరకుచున్నది. దానిని ఇల్లాండ్రు అడుగునది ఆ పాతపేరుతోనే.